అమ్మ బాణీలో రెండో సగం

కూరక్లేర్, కౌంటీ క్లేర్
3 అక్టోబరు 2011

డిలియాకు,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. మేమిద్దరం క్షేమం. మర్టీ మోకాలు ఎప్పటిలాగే ఉంది. ఆవులు మర్టీ కన్నా బాగున్నాయి. వానలు ముదరకముందే గడ్డి లోపలికి చేర్చాం.

ఈ వసంతంలో, కిల్‌రష్ లైబ్రరీలో పెద్దవాళ్ళకి కంప్యూటరు నేర్పుతున్నారని ఫాదర్ పూజ చివర ప్రకటిస్తే వెళ్ళాను. మొదటిరోజు, నేర్పే అమ్మాయి "మీకిష్టమైన మాట ఏదైనా ఒకటి కొట్టండి" అంది. ఏం తోచక "కన్సర్టీనా" అని, అమ్మ వాయించే తిత్తిపెట్టె పేరు కొట్టాను.

ఆ పెట్టె మన కౌంటీ ఆడవాళ్ళ పొయ్యి పక్కన ఉండే వస్తువనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. లోకమంతా వాయిస్తున్నారు, డిలియా. ఇంగ్లండులో ఒక గడ్డమాయన, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ఎగిరే మగవాళ్ళకి వాయిస్తున్నాడు. బొలీవియా కొండల్లో ఉన్నిటోపీ తాతగారొకాయన. ఒసాకాలో ఒకమ్మాయి చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని మన జిగ్గు నాట్యాల బాణీలు వాయిస్తోంది, తప్పులేకుండా. నువ్వుండే చోట జూలూ మగవాళ్ళు దారిన నడుస్తూ వాయిస్తారు. మన ఇంట్లో నిలబడి వాయిస్తే "కుర్చీకి ముళ్ళున్నాయా?" అనేది అమ్మ.

"జపాన్ వాళ్ళకి మన జిగ్గులెందుకు? వాళ్ళకి కార్లున్నాయిగా" అంటాడు మర్టీ.

నేను వెతుకుతున్నది ఒక్కటే. భోజనాలయ్యాక అమ్మ చివరగా వాయించే బాణీ. పేరు లేనిది. ఆరు నెలలుగా చూస్తున్నాను, ఏ దేశంలోనూ ఎవరి దగ్గరా లేదు. అమ్మ దాన్ని నీకొక్కదానికే నేర్పింది. టేపులోకి ఎవరూ ఎక్కించుకోలేదు. నువ్వు వాయించకపోతే ఆ బాణీ ఇక లేనట్టే.

ఒక్కసారి వాయించి, వీడియో తీసి పంపుతావా? తొందరేం లేదు. నవంబరుకి అమ్మ పోయి ఆరేళ్ళు.

కంప్యూటరులోనే రాయొచ్చు కదా అంటుంది లైబ్రరీ అమ్మాయి. దాంట్లో రాస్తే నడిబజార్లో నిలబడి మాట్లాడినట్టుంటుంది. నాకు కాగితమే నయం.

నీ కోసం రోజూ ప్రార్థించే
అక్క, ఇమెల్డా


ఎషోవే దగ్గర, క్వాజూలూ-నటాల్
24 అక్టోబరు 2011

అక్కా,

నువ్వూ కంప్యూటరూ! ఆసుపత్రిలో అందరికీ చెప్పాను. మా అక్క చర్చిలో బలిపీఠం గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆపైన వెళ్ళి బొలీవియా చూసొస్తుందని. వాళ్ళు నవ్వారు. ఇక్కడ నర్సులందర్నీ సిస్టర్ అనే పిలుస్తారు, తెలుసుగా. నెలకొక పూజ ఎగ్గొట్టే నేను సిస్టర్ని. జీవితమంతా జపమాల వదలని నువ్వు వట్టి మిసెస్ హీహిర్‌వి. ఎక్కడో లెక్క తప్పింది.

వానలు మొదలయ్యాయి. ఈ వారం పదకొండు కాన్పులు. ఒక కవల పిల్లకి నా పేరు పెట్టారు, పాపం దాని ఖర్మ.

బాణీ సంగతి. పెట్టె భద్రంగానే ఉంది. కానీ ఇక్కడి ఉక్కకి లోపల స్వరం పలికే రేకులు, ఆ రీడ్లు పాడవుతాయి, అందుకే తెరవడం లేదు. పైగా తీరిక కూడా ఉండాలిగా. తర్వాత చూద్దాం.

అయినా నీకు పాటల పిచ్చి ఎప్పుడు పట్టింది? అమ్మ వాయిస్తుంటే ఒక్కరోజైనా వచ్చి మా దగ్గర కూర్చున్నావా? పొయ్యి దగ్గర కుర్చీ ఖాళీగానే ఉండేది. ఊరికే అడుగుతున్నాలే, ఏమీ అనుకోకు.

మర్టీ బావ మోకాలికి ముద్దులు.

నీ డిలియా


కూరక్లేర్
10 నవంబరు 2011

డిలియాకు,

క్రీస్తు ప్రభువు శాంతి నీతో ఉండాలి. ఉత్తరం అందింది. సకల ఆత్మల పండుగ నాడు అమ్మకీ నాన్నకీ కొవ్వొత్తులు వెలిగించాను. గాలి విపరీతంగా ఉంది, అయినా ఆరలేదు.

మొన్న లైబ్రరీలో మీ వైపు నుంచి ఇంకొక వీడియో కనిపించింది. ఎర్రమట్టి దారి. నీలం పనిబట్టలు వేసుకున్న పొడుగాటి మనిషి వాయిస్తూ నడుస్తున్నాడు. మంచి చెయ్యి. తిత్తి మూడో మడత మీద గోధుమరంగు తోలు అతుకు ఉంది. నాన్న పాత బూటు నాలుక కోసి అమ్మ వేసిన అతుకు. సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది నేనే.

అతుకు బాగా నిలిచింది.

అంతే, చెల్లీ. ఒంట్లో జాగ్రత్త.

అక్క, ఇమెల్డా


ఎషోవే దగ్గర
2 డిసెంబరు 2011

ఇమెల్డా,

"అతుకు బాగా నిలిచింది. అంతే, చెల్లీ." ఈ రెండు ముక్కలు పట్టుకుని మూడు రోజులు తిరిగాను. తిట్టి ఉంటే సరిపోయేది కదా! చిన్నప్పుడు నేను గుడ్లబుట్ట కిందపడేస్తే పల్లెత్తు మాట అనకుండా వంగి నేల తుడిచావు. నువ్వు తుడిచిన తీరు చూసి నేను వారం రోజులు ఏడ్చాను. ఇప్పుడూ అదే.

సరే, విను. అబద్ధం చెప్పాను. పెట్టె నా దగ్గర లేదు.

వేళ్ళు వంకరపోయాక అమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఆదివారాలు వాయించేదాన్ని. అమ్మ పోయాక, చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా సంగీతం కూడదు కదా మనకి, బీరువా మీద పెట్టేశాను. ఇక్కడెవరు చూడొచ్చారు అనుకోలేదు. పూర్తిగా ఏడాది పాటించాను.

ఏడాది నిండిన రోజు కిందికి దించాను. మొదటి సగం వచ్చింది. రెండో సగం రాలేదు.

మిగతావన్నీ వచ్చాయి అక్కా. మిల్‌టౌన్ పోల్కాలు, పెళ్ళి బాణీలు, అన్నీ. అమ్మదొక్కటే. వేళ్ళు మొదటి సగం చివరిదాకా వచ్చి, గుమ్మం ముందు మేకపిల్లలా నిలబడిపోయేవి. ఇంకో ఏడాది ప్రయత్నించాను. లోకంలో ఒక్కదాని దగ్గరే దాచిపెట్టి పోయింది, ఆ ఒక్కదాన్నీ నేను పోగొట్టాను.

తర్వాత ఆ పెట్టెని చూడలేకపోయాను. మా అంబులెన్సు డ్రైవరు వుసుముజీ ఒకరోజు దాన్ని చూసి, "ఎందుకు సిస్టరమ్మా, అలా మూసిపెట్టి దాని ఊపిరి తీస్తావు?" అన్నాడు. తీసుకుపొమ్మన్నాను. ఇక్కడి వాళ్ళు తమ పాటకి సరిపోయేట్టు రీడ్లు విప్పి, అటుదిటు మార్చుకుంటారు. ఇప్పుడు అది తిరిగొచ్చినా అమ్మ బాణీ పలకదు.

అమ్మ పోయినప్పుడు వచ్చినదాన్ని, మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. విమానం టికెట్టు వల్ల కాదు. "పెట్టె తెచ్చావా?" అని నువ్వు అడుగుతావని. అడగకుండా నా సంచీ వంక చూస్తావని. అది ఇంకా ఘోరం.

ఇప్పుడు తెలిసింది కదా. ఇక ఉత్తరం రాయబుద్ధి కాకపోతే మానెయ్.

డిలియా


కూరక్లేర్
16 డిసెంబరు 2011

నా చిట్టి డిలియాకు,

దేవుడు నీ మనసుకి నెమ్మదినివ్వాలి. ఉత్తరం ఈ పూటే వచ్చింది, ఈ పూటే రాస్తున్నాను. పోస్టులో పడి తిరుగుతున్నన్నాళ్ళూ నువ్వు బాధపడతావని.

నేను నిన్ను దెప్పలేదు. అతుకు బాగుందని రాశాను, నిజంగా బాగుంది కాబట్టి. అమ్మ కుట్టు అంత దూరంలో, అంత ఎండలో, ఒక మనిషి చేతుల్లో విడిపోకుండా ఉంది. నాకు సంతోషమేసింది. ఆ మాట కూడా రాసి ఉండాల్సింది. నాకు మాటలు తక్కువ. అది మంచి గుణమనుకునేదాన్ని. అన్నివేళలా కాదని ఇప్పుడు తెలిసింది.

ఒక్కరోజైనా వచ్చి కూర్చున్నావా అని అడిగావు. కూర్చోలేదు. అమ్మ పెట్టె తీసే వేళకి నేను వెనకగదిలో గిన్నెలు తోముతుండేదాన్ని. ఎనిమిదిమంది తిన్నవి. పెద్దపిల్లని నేనే కదా. అందుకు నాకు కష్టం లేదు, ఎవరో ఒకరు తోమాలి. నీ వేళ్ళు చురుకైనవి, అమ్మ నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సరైన పనే చేసింది.

కానీ గోడ పలచన. మొదటి సగం అప్పుడు నీళ్ళు పోసి కడుగుతుండేదాన్ని, చప్పుడులో సరిగా వినపడేది కాదు. రెండో సగం మొదలయ్యేసరికి కుళాయి కట్టేసేదాన్ని. చేతులు నీళ్ళలోనే ఉంచి, కదలకుండా నిలబడేదాన్ని. "ఇమెల్డా, ఆ నాలుగు గిన్నెలకి ఎంతసేపే?" అని అమ్మ కేకేసేది. "అయిపోయిందమ్మా" అనేదాన్ని.

రెండో సగం నా దగ్గరుంది, డిలియా. ఒక్క స్వరం పోలేదు. జపమాలలో మూడో పది పూసల దగ్గర ఉండగా నాలుక మీదికి వచ్చేస్తుంది, దేవుడు మన్నించాలి. నా దగ్గర లేనిది మొదటి సగం. దాని కోసమే నిన్ను అడిగాను, ఈ దేశాలన్నీ వెతికాను.

ఇంకొక సంగతి. ఈస్టరుకి నాకొక పాత పెట్టె దొరికింది. వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను, పశువుల కొట్టంలో. మర్టీకి తెలియదు. తెలుసేమో. మొదటి సగానికి వేళ్ళు ఎక్కడెక్కడ పడతాయో రాసి పంపు.

క్రిస్మస్ శుభాకాంక్షలు. నీ కోసం బల్ల మీద ఒక కప్పు పెడతాం.

అక్క, ఇమెల్డా


ఎషోవే దగ్గర
9 జనవరి 2012

అక్కా, అక్కా, అక్కా,

నీ ఉత్తరం వరండాలో నిలబడి చదివి, అక్కడే కింద కూర్చుండిపోయాను. ఎవరో పోయారనుకుని హెడ్‌నర్సు నీళ్ళు పట్టుకొచ్చింది. పోలేదమ్మా, దొరికారు అన్నాను.

ముప్పై ఏళ్ళుగా, పాటంటే పట్టని అక్క గిన్నెల చప్పుడు చేస్తోందని విసుక్కున్నదాన్ని నేను. చప్పుడు ఆగిన సంగతి నాకెప్పుడూ వినిపించలేదు.

వుసుముజీకి అంతా చెప్పాను. ఒళ్ళో స్టీరింగు ఉన్నట్టే చేతులు పెట్టుకుని విన్నాడు.

"అవన్నీ సరే సిస్టరమ్మా. మీ అక్కకి నా వాయింపు నచ్చిందా లేదా?"

"మంచి చెయ్యి అని రాసింది."

"అలాగా. అయితే ఆమెకి సంగీతం తెలుసు. నువ్వింతవరకు ఒక్కసారైనా అన్నావా ఆ మాట?"

పెట్టె తిరిగిచ్చేస్తానన్నాడు. అమ్మ వస్తువు అని చెప్పి ఉంటే ముట్టుకునేవాణ్ణే కాదన్నాడు, కోపంగా. తను మార్చింది నాలుగు రీడ్లేనట, ఏది ఎక్కడిదో గుర్తుందట. చెప్పు, నీకు పార్సిల్ చెయ్యనా?

ఇదిగో మొదటి సగం. ఎడమచేతి చూపుడువేలు, లోపలి వరసలో పైమీట, తిత్తి మూస్తూ. అదే మీట తెరుస్తూ. తర్వాత కుడిచేతి మధ్యవేలు, రెండుసార్లు, మూస్తూ... మిగతాది విడి కాగితం మీద ఉంది. చిన్నపిల్లక్కూడా వచ్చేట్టు రాశాను. రాకపోతే తప్పు నీదే.

నీ డిలియా


కూరక్లేర్
1 ఫిబ్రవరి 2012, బ్రిజిడమ్మ పండుగ

డిలియాకు,

బ్రిజిడమ్మ తన కొంగు నీ ఇంటి మీద కప్పాలి.

పెట్టె ఆయన దగ్గరే ఉండనీ. దాన్ని రోజూ తెరిచే చెయ్యి అక్కడుంది. తన పాటకి రీడ్లు మార్చుకున్నాడంటే తనదనుకున్నట్టే. అమ్మ కూడా నాన్న బూటు కోసేముందు ఎవర్నీ అడగలేదు.

నువ్వు రాసినట్టే వారం రోజులు వాయించాను. బాణీ రాలేదు. ఏదో వచ్చింది. మర్టీ కొట్టం తలుపులోంచి తల పెట్టి "ఎవరికి నొప్పులు మొదలయ్యాయి ఇమెల్డా, ఎర్రావుకా?" అన్నాడు. పెట్టె చూశాడు. టోపీ సర్దుకున్నాడు. "ఈస్టరు నుంచీ పాలు ఎందుకు తగ్గాయో తెలిసింది" అని వెళ్ళిపోయాడు. మర్నాడు కొట్టంలోకి ఒక కుర్చీ వచ్చింది. వంటింటి కుర్చీల్లో మంచిది.

నీ కాగితంలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టుంది. నీ తప్పనడం లేదు. చాలా ఏళ్ళయింది కదా.

లైబ్రరీ అమ్మాయి నా రెండో సగాన్ని వీడియో తీసి పెట్టింది. జుట్టు దువ్వుకున్నాను. నెమ్మదిగా వాయించాను, నాకు వచ్చిన వేగం అదే. చూసి, అవునో కాదో చెప్పు. కాకపోయినా చెప్పు.

అక్క, ఇమెల్డా


ఎషోవే దగ్గర
22 ఫిబ్రవరి 2012

అక్కా,

అవును. అవును. అదే.

ఆఫీసు గదిలో చూశాను. రెండో స్వరానికే నా చేతులు బల్ల మీద కదలడం మొదలుపెట్టాయి. నేను చెప్పకుండానే. ఐదేళ్ళు గుమ్మంలో నిలబడ్డ మేకపిల్ల లోపలికి నడిచింది. ఏడ్చాను, దాచడమెందుకు. వుసుముజీ నా పక్కన నిలబడి చూస్తున్నాడు.

ఏడుపు కాస్త తగ్గాక ఆయన అన్నాడు: "సిస్టరమ్మా, మీ ఊళ్ళో పెట్టె ఇలా తిరగేసి పట్టుకుంటారా?"

అప్పుడు చూశాను నేను. అక్కా! నువ్వు పెట్టె వెనకది ముందుకి పట్టుకున్నావు! ఎడమచేతి వైపు నీ కుడిచేతిలో ఉంది! ఒసాకా అమ్మాయి ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే, అద్దంలో చూసినట్టు చూసి, ఆమె ఏ వైపు కదిపితే నువ్వూ ఆ వైపే కదిపావు, అవునా? పది నెలలు! నీకు చెప్పేవాళ్ళే లేరా? ఆవులైనా చెప్పొద్దూ? నా కాగితం తప్పంటావా? నవ్వి నవ్వి కడుపు నొప్పెట్టి, హెడ్‌నర్సు మళ్ళీ నీళ్ళు తెచ్చింది.

అలా తిరగేసి పట్టుకుని కూడా ఒక్క స్వరం తప్పలేదు నువ్వు.

ఆదివారం వుసుముజీ టేబుల్ కత్తితో పెట్టె విప్పి, నాలుగు రీడ్లూ మొదటిచోట్ల పెట్టాడు. "ఒక్క పూటకే సుమా, సోమవారం నాకు పెళ్ళి ఉంది" అన్నాడు. తన పెళ్ళి కాదు, వాయించాల్సింది. రెండు సగాలూ కలిపి వాయించాను. అమ్మ పోయాక మొదటిసారి మొత్తం. ఆయన నా వెనక నిలబడి, భుజం మీంచి వీడియో తీశాడు. నేనే అలా తీయమన్నాను. నా చేతులు నీకు నీ చేతుల్లాగే కనిపిస్తాయి, ఎడమ ఎడమే, కుడి కుడే. ఇక తికమక ఉండదు.

వీడియో పెట్టేటప్పుడు పేరు లేకుండా ఒప్పుకోలేదు ఆ యంత్రం. వేళ్ళు ఆగిపోయాయి మళ్ళీ. అమ్మ పేరు పెడదామనుకున్నాను. కానీ మన వైపు పద్ధతి నీకు తెలుసు, బాణీని ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ పేరుతో చెప్పాలి. అమ్మ ఇచ్చింది నేను పోగొట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరున్నది నీ దగ్గర నేర్చుకున్నది. అందుకని "ఇమెల్డా హీహిర్ బాణీ" అని రాశాను. మొత్తానికీ అదే పేరు.

జులైకి సెలవు పెట్టాను. వస్తున్నాను. నా సంచీ వంక చూడకు, బట్టలు తప్ప ఏమీ ఉండవు.

నీ డిలియా


కూరక్లేర్
14 మార్చి 2012

డిలియాకు,

దేవునికి స్తోత్రం. జులైకి నీ గదికి సున్నం వేయిస్తాను.

వీడియో చూశాను. లైబ్రరీలో మర్టీ కూడా నా పక్కన కూర్చున్నాడు, టోపీ తీసి. నీ భుజం మీంచి నీ చేతుల్ని చూడటం ఇదే మొదటిసారి. ఇదివరకు నేను చూసింది గోడని. నీ చిటికెన వేలు అమ్మది లాగే పైకి లేస్తుంది. అది గోడ అవతలికి వినపడేది కాదు.

మొదటి సగం వచ్చింది. ప్రస్తుతానికి, మొదటి సగం నీలాగా పట్టుకుని వాయించి, ఆపి, పెట్టె తిప్పి, రెండో సగం నా పద్ధతిలో వాయిస్తున్నాను. మధ్యలో ఒక మంగళవార్త జపం చెప్పుకునేంత వ్యవధి ఉంటోందని మర్టీ అంటున్నాడు. నువ్వొచ్చే లోపల సరిచేసుకుంటాను. వుసుముజీ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆ పెళ్ళివాళ్ళు బాగుండాలని ప్రార్థించాను.

నా పేరు తీసేసి, అమ్మ పేరు పెట్టమని చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చేసరికి కాగితం అయిపోయింది. ఇంకో కాగితం సొరుగులో ఉంది.

ఉండనీ.

అక్క, ఇమెల్డా